గలతీ 5:2 చూపించి పిల్లాడి ఆపరేషన్ ఆపవచ్చా? సున్నతికి అసలు అర్థం ఏమిటి?

ప్రభువు నామమున వందనాలమ్మా.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకి నాలుగేళ్లనీ, మూత్రం పోసేటప్పుడు ముందు చర్మం బుడగలా ఉబ్బి ఏడుస్తున్నాడనీ, రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చిందనీ, పూతమందు వాడినా గుణం కనబడకపోతే పిల్లల సర్జన్ సున్నతి ఆపరేషన్ చేయించమన్నారనీ రాశారు. సంఘపెద్ద అయిన మీ మామగారు గలతీ పత్రిక తెరిచి, "మీరు సున్నతి పొందినయెడల క్రీస్తువలన మీకు ప్రయోజనమేమియు కలుగదు" అన్న వచనం చూపించి, నా మనవడికి వద్దంటే వద్దన్నారు. చివర్లో ఇంకో మాట అడిగారు: "హృదయ సున్నతి అని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం, అదేమిటో ఇంతవరకు ఎవరూ విప్పి చెప్పలేదు" అని.

మొదటిదానికి జవాబు చిన్నది, ముందే చెప్పేస్తాను. అది వైద్యం. చిన్నపిల్లల్లో ఆ చర్మం వెనక్కి రాకపోవడం మామూలే, చాలామందికి వయసుతోపాటు తానే వదులవుతుంది. కానీ పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చి, మందుకు తగ్గకపోతే ఏం చేయాలో తేల్చాల్సింది డాక్టరు. అనుమానం ఉంటే ఇంకో పిల్లల సర్జన్‌కి చూపించండి. అంతేగానీ గలతీ పత్రికకు ఈ ఆపరేషన్‌తో సంబంధం లేదు. మీ మామగారి భయం మాత్రం చిన్నచూపు చూడదగినది కాదు. మనవడు క్రీస్తుకు దూరమైపోతాడేమోనన్న దిగులు అది. ఆ దిగులు తీరాలంటే సున్నతి అంటే ఏమిటో మొదటినుంచి చూడాలి. ముప్పై ఏళ్లకు పైగా పల్లె సంఘాల్లో వాక్యం చెప్పాను. ఈ ఒక్క అంశం దగ్గర మనవాళ్లు మొహమాటపడి పేజీ తిప్పేస్తారు. అందులో ఎంత పోగొట్టుకుంటున్నామో వాళ్లకు తెలియదు.

ముందు మాట సంగతి. "సున్నతి" అరబ్బీ "సున్నత్" నుంచి వచ్చింది. మన తెలుగు బైబిలు అనువాదకులు జనానికి తెలిసిన మాటే తీసుకున్నారు. అందుకే ఆ మాట వినగానే మనకు పక్కింటి ముస్లిం సోదరుల ఆచారమే గుర్తొస్తుంది. హెబ్రీలో ఆ మాటకు అర్థం "కోయడం", గ్రీకులో "చుట్టూ కోయడం". హెబ్రీలో నిబంధన చేసుకోవడాన్ని కూడా "నిబంధన కోయడం" అనే అంటారు. ఆదికాండము 15లో దేవుడు అబ్రాముతో నిబంధన చేసినప్పుడు, అబ్రాము పశువులను రెండుగా ఖండించి ఎదురెదురుగా పెట్టాడు గదా, అది ఇదే. ఈ కోత అన్న మాటను మనసులో ఉంచుకోండి, సిలువ దగ్గర మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అబ్రాహాము వయసులు చూడండి. చాలామంది వీటిని పట్టించుకోరు గానీ అసలు అర్థమంతా ఇక్కడే దాగి ఉంది. 75 ఏళ్లకు దేవుడు పిలిచాడు, సంతానం ఇస్తానన్నాడు. 15వ అధ్యాయంలో నక్షత్రాలు చూపించాడు. "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను." అప్పటికి సున్నతి ఊసే లేదు. పిల్లలు పుట్టడం ఆలస్యమయ్యేసరికి శారా తన దాసి హాగరును ఇచ్చింది. 86వ ఏట ఇష్మాయేలు పుట్టాడు. ఆ తర్వాత 13 ఏళ్లపాటు దేవుడు మాట్లాడినట్టు ఒక్క వచనమూ లేదు. 99వ ఏట మళ్లీ ప్రత్యక్షమై, పేరు మార్చి, అప్పుడు ఇచ్చాడు సున్నతి గుర్తు.

ఎందుకు ఆ అవయవానికే? చేతి మీద మచ్చ పెట్టవచ్చు, నుదుటి మీద గుర్తు పెట్టవచ్చు. నాకు అర్థమైనది ఇది: వాగ్దానాన్ని తన బలంతో నెరవేర్చుకుందామని అబ్రాహాము ప్రయత్నించింది సరిగ్గా ఆ శక్తితోనే. ఆ శక్తి ఉడిగిపోయాక, ఇక తనవల్ల కాదని ఒళ్లంతా తెలిశాక, అక్కడే కత్తి పెట్టమన్నాడు దేవుడు. నీ వంశం నీ శరీరబలం నుంచి రాదు, నా మాట నుంచి వస్తుంది అని ఒంటి మీద రాసిన రాత అది. మరుసటి ఏడు ఇస్సాకు పుట్టాడు. పుట్టిన ఎనిమిదో రోజున సున్నతి పొందినవాడని బైబిలు చెప్పే మొదటివాడు ఇస్సాకే. ఇష్మాయేలును ఇక్కడ తక్కువ చేయకూడదు. తండ్రితోపాటు అదే రోజున, 13వ ఏట, అతనూ సున్నతి పొందాడు, దేవుడు అతన్నీ ఆశీర్వదించాడు.

పౌలు రోమా పత్రిక 4వ అధ్యాయంలో పట్టుకున్నది ఈ వరుసనే. అబ్రాహాము నీతిమంతుడని ఎంచబడింది సున్నతికి ముందా, తర్వాతా? ముందే. కనీసం 13 ఏళ్ల ముందే. మరి సున్నతి ఏమిటి? "విశ్వాసము వలననైన నీతికి ముద్ర" అన్నాడు. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు మీద వేసే ముద్ర తలచుకోండి. ముద్రవల్ల పొలం పుట్టదు. అమ్మకం జరిగింది, పొలం మీది అయింది, దానికి ముద్ర సాక్ష్యం. తెల్లకాగితం మీద ఎన్ని ముద్రలు గుద్దినా సెంటు భూమి రాదు. గలతీలో పౌలు కొట్లాడింది తెల్లకాగితం మీద ముద్ర గుద్దించుకుని పొలం వచ్చిందని మురిసేవాళ్లతో.

ఎనిమిదో రోజు గురించి ఒక మాట. ఆ రోజున రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది, బైబిలు సైన్సు ముందే చెప్పింది అని వాట్సాప్‌లో తిరిగే సందేశం మీకూ వచ్చి ఉంటుంది. దాని మీద విశ్వాసం నిలబెట్టుకోకండి. బైబిలు చెప్పే కారణం అది కాదు. నిర్గమకాండము 22లో చూడండి, గొడ్డుకు పుట్టిన తొలిచూలు పిల్ల ఏడు రోజులు తల్లి దగ్గర ఉండాలి, ఎనిమిదో రోజున దేవునికి ఇవ్వాలి. అహరోను ఏడు రోజుల ప్రతిష్ఠ ముగించి ఎనిమిదో రోజున బలిపీఠం దగ్గరికి వచ్చాడు. కుష్ఠు నుంచి బాగుపడినవాడు ఎనిమిదో రోజున దేవుని సన్నిధికి తిరిగి వచ్చాడు. ఏడు రోజులతో పాత వారం నిండుతుంది, ఎనిమిదోది కొత్త మొదలు. యేసు తిరిగి లేచింది విశ్రాంతిదినం మరునాడు, అంటే ఆ ఎనిమిదో రోజే. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే హతసాక్షి ఈ సంగతే రాశాడు. పాత సంఘాలు బాప్తిస్మపు మందిరాలను ఎనిమిది పలకలుగా కట్టడంలో ఉన్న భావం కూడా ఇదే. రోములోని లాటెరన్ బాప్తిస్మపు మందిరం ఇప్పటికీ ఎనిమిది పలకలతోనే నిలబడి ఉంది.

యేసుప్రభువుకూ ఎనిమిదో రోజున సున్నతి చేసి పేరు పెట్టారు, లూకా 2:21. డిసెంబరు 25 నుంచి లెక్కపెడితే అది జనవరి 1. లూథరన్, ఆంగ్లికన్ కాలెండర్లలో ఆ రోజు ఇప్పటికీ ప్రభువు సున్నతిని, నామాన్ని స్మరించే దినమే. మనం డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లి కొత్త సంవత్సరపు వాగ్దానం తీసుకుని వస్తాం. మన వాగ్దానాలన్నిటికీ పునాది అయిన ఆయన మొదటి రక్తపు బొట్టు కారింది ఆ రోజునే అన్న సంగతి మాత్రం మర్చిపోతాం.

ఇక హృదయం దగ్గరికి వద్దాం.

హెబ్రీ బైబిలులో "సున్నతి లేని" అన్న మాట శరీరానికి మాత్రమే వాడలేదు. మోషే "నాకు సున్నతి లేని పెదవులు" అంటాడు, మన తెలుగు బైబిలు అక్కడ "మాట మాంద్యము" అని భావం చెప్పింది. యిర్మీయా ప్రజలవి సున్నతి లేని చెవులు అంటాడు. లేవీయకాండము 19:23లో పండ్లచెట్లకు కూడా అదే మాట. చెట్టు నాటిన మొదటి మూడేళ్లు దాని పండ్లు సున్నతి లేనివి, తినకూడదు, నాలుగో ఏటివి యెహోవాకు ప్రతిష్ఠితం, ఐదో ఏటి నుంచి మీవి.

చాలా ఏళ్లు నాకు ఈ వచనం అర్థం కాలేదు. నూజివీడు వైపు ఒక పల్లెలో బైబిలు తరగతి చెప్తూ దీన్ని చదివి దాటేయబోతుంటే, వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్ద రైతు ఆపాడు. "అయ్యగారూ, ఇది మేము చేసేదే గదా" అన్నాడు. అంటు మామిడి నాటిన రెండో ఏడే పూత వస్తుందట. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇంట్లో పిల్లలు ఉంచమని గోల చేస్తారు. అయినా చెట్టు చెట్టుకూ తిరిగి ఆ పూతంతా గిల్లేయాలి. "ఉంచితే నాలుగు కాయలొస్తాయండీ, కానీ చెట్టు ఎదగదు. బలమంతా దానికే పోద్ది." మరునాడు పొద్దున్నే తోటకు తీసుకెళ్లి చూపించాడు. నడుమెత్తు మొక్క, కొసన లేత ఎరుపు పూత. రెండు వేళ్లతో పట్టుకుని టక్కున తుంచేశాడు. తుంచినచోట జీడి చిన్న బొట్టులా ఊరింది. కోసింది పనికిరాని కొమ్మను కాదు, రోగం పట్టిన ఆకును కాదు. పూతనే. చెట్టుకున్న అందమంతా ఆ పూతే.

సున్నతిలో కూడా తీసేసేది మురికి కాదమ్మా. మురికైతే కడిగితే పోతుంది. అది ఒంటిలో భాగం, ప్రాణమున్న చర్మం, కోస్తే నెత్తురు వస్తుంది. "పాపాలు మానేయడమే హృదయ సున్నతి" అని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. మనవి అనుకున్నవి, మన బలం అనుకున్నవి, మనకు న్యాయంగా చెందినవి అనుకున్నవి కూడా ఆ కత్తి కిందికి వస్తాయి. పౌలు ఫిలిప్పీ 3లో తన జాబితా చదువుతాడు: ఎనిమిదవ దినమున సున్నతి పొందితిని, బెన్యామీను గోత్రమువాడను, ధర్మశాస్త్రం విషయంలో పరిసయ్యుడను. అందులో ఒక్కటీ పాపం కాదు. అయినా క్రీస్తు కోసం అన్నిటినీ నష్టంగా ఎంచుకున్నాడు.

ద్వితీయోపదేశకాండములో మోషే రెండుచోట్ల హృదయ సున్నతి గురించి మాట్లాడాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీ మామగారికి చదివి వినిపించండి. 10:16లో "మీ హృదయమునకు సున్నతి చేసికొని యికమీదట ముష్కరులు కాకుండుడి" అంటాడు. అంటే, మీరే చేసుకోండి. 30:6కి వచ్చేసరికి "నీ దేవుడైన యెహోవా... నీ హృదయమునకును నీ సంతతివారి హృదయమునకును సున్నతి చేయును." ఇక్కడ చేసేవాడు దేవుడు. ఆజ్ఞగా మొదలైనది వాగ్దానంగా మారింది. మధ్యలో ఏం జరిగింది? 28, 29 అధ్యాయాల్లో శాపాలు, ఓటమి, చెర ముందే చెప్పాడు. మీవల్ల కాదని తెలిసే రోజు వస్తుంది, అప్పుడు ఆయనే చేస్తాడు అని. తన గుండెకు తానే కోత పెట్టుకోగల వైద్యుడు లేడు గదా.

యిర్మీయా ఇంకా గట్టిగా అన్నాడు. ఐగుప్తు, యూదా, ఎదోము, అమ్మోను, మోయాబు అని ఒకే వరుసలో పెట్టి, వీళ్లందరికీ శరీరంలో సున్నతి ఉంది, ఇశ్రాయేలుకు మాత్రం హృదయంలో లేదు అన్నాడు. దేవుని జనమని గర్వపడేవాళ్లను ఐగుప్తుకూ ఎదోముకూ మధ్య కూర్చోబెట్టాడు. మన సంఘ రిజిస్టరులో పేరుంది, బాప్తిస్మం తేదీ ఠక్కున చెప్పగలం అని ధీమాగా ఉండే మనకు కూడా ఆ వరుసలో చోటుంది.

మరి హృదయానికి సున్నతి జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? పారపట్టిన అరచేయి కాయలు కాస్తుంది, ముల్లు గుచ్చినా తెలియదు. సున్నతి లేని హృదయమూ అంతే, వాక్యం గుచ్చినా నొప్పి పుట్టదు. అపొస్తలుల కార్యములలో రెండు సభలు ఉన్నాయి. 2వ అధ్యాయంలో పేతురు మాట విన్నవాళ్లు "హృదయములో నొచ్చుకొని" మేమేమి చేతుమని అడిగారు. 7వ అధ్యాయంలో స్తెఫను మాట విన్నవాళ్లు మండిపడి పండ్లు కొరికారు, రాళ్లు తీసుకున్నారు. రెండు చోట్లా విన్నది యెరూషలేములో ఉన్న యూదులే, రెండు చోట్లా చెప్పింది ఒకే యేసు గురించి. స్తెఫను వాళ్లను పిలిచిన మాట గ్రీకులో "హృదయాలకూ చెవులకూ సున్నతి లేనివారలారా" అని.

నేను కళ్లారా చూసినది ఒకటి చెప్తాను. ఊరు పేరు వద్దు. ఇద్దరు అన్నదమ్ములు, పొలం గట్టు తగాదా, తొమ్మిదేళ్లు మాటల్లేవు. ఇద్దరూ ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవారు, ఒకరు ఎడమ పక్క, ఒకరు కుడి పక్క. తమ్ముడు సర్వే చేయించాడు. కాగితం అతని వైపే తేల్చింది. ఒక రాత్రి ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, న్యాయం నాదే. కానీ ఇది బీరువాలో ఉన్నంతకాలం నాకు ప్రార్థన రావట్లేదు" అన్నాడు. నేనేమీ సలహా చెప్పలేదు, ఇద్దరం మోకరించాం. తెల్లారి అన్న ఇంటికి వెళ్లి ఆ కాగితం వదిన చేతిలో పెట్టి వచ్చాడు. అన్న ఆ రోజు మాట్లాడలేదు, ఆ వారమూ మాట్లాడలేదు. తమ్ముడు మా ఇంటి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వదులుకున్నది పాపం కాదు, న్యాయం. అందుకే అంత నొప్పి. అన్న ఎప్పుడు మాట్లాడాడో చెప్పడానికి ఇది రాయలేదు, ఆ కన్నీళ్ల కోసం రాశాను.

యెహోషువ 5వ అధ్యాయంలో ఇలాంటి నొప్పే ఉంది. అరణ్యంలో పుట్టినవాళ్లకు 40 ఏళ్లుగా సున్నతి లేదు. యొర్దాను దాటాక, ఎదురుగా యెరికో గోడలు కనబడుతుండగా, గిల్గాలులో రాతికత్తులతో సున్నతి చేయించమన్నాడు దేవుడు. యుద్ధానికి ముందు మగవాళ్లందరినీ మంచాన పడేసే పని ఎవరైనా చేస్తారా? షెకెము ఊరివాళ్లు సున్నతి చేయించుకుని మూడో రోజు బాధలో ఉంటే యాకోబు కొడుకులు షిమ్యోను, లేవి కత్తులతో వచ్చి ఊరంతా నరికేసిన సంగతి వాళ్లకు తెలియనిది కాదు. అయినా లోబడ్డారు. బాగుపడేవరకు పాళెములోనే ఉండిపోయారు అని రాసి ఉంది. ఆ తర్వాత పస్కా, ఆ తర్వాత మన్నా ఆగిపోయి దేశపు పంట తినడం, ఆ తర్వాతే యెరికో. యెహోషువ, యేసు అన్నవి రెండూ ఒకే పేరని గమనించండి. ఆ రాతికత్తులు యేసు మాటలకు గుర్తని జస్టిన్ చెప్పింది కూడా అందుకే.

ఇప్పుడు గలతీ పత్రిక. సున్నతి యూదులకు అంత ప్రాణప్రదం ఎందుకైందో తెలిస్తేనే ఆ గొడవ వేడి అర్థమవుతుంది. క్రీస్తుకు ముందు 167 ప్రాంతంలో యూదులను ఏలుతున్న గ్రీకు రాజు అంతియొకసు సున్నతిని నిషేధించాడు. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను చంపి, ఆ పసికందులను వాళ్ల మెడలకు వేలాడదీశారని మక్కబీయుల మొదటి గ్రంథంలో ఉంది. ప్రాణాలు ఇచ్చి నిలుపుకున్న గుర్తు అది. అలాంటి జాతిలో పుట్టిన పౌలు, అన్యజనుల సంఘాల్లో నిలబడి, దేవుని ఇంట్లోకి రావడానికి ఇది అవసరం లేదు అన్నాడు. ఎంత పెద్ద మాటో చూడండి.

గలతీయకు వచ్చిన బోధకులు యేసును కాదనలేదు. యేసును నమ్మండి, మంచిదే, కానీ సున్నతి కూడా పొందితేనే మీరు లోపలివాళ్లు అన్నారు. ఆ "కూడా" మీదే పౌలు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే పంక్తి లోంచి లేచి వెళ్లిపోయాడు. పౌలు అందరిముందూ నిలదీశాడు. ఎవరి పక్కన కూర్చుని తినాలి అన్న దగ్గరే సువార్త నిలబడుతుందని, పడిపోతుందని ఆయన గ్రహించాడు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్లవాళ్లకు ఈ వచనం విడమరచి చెప్పనక్కర్లేదు. ఒంగోలులో మాదిగ పిల్లలను బడిలో చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు వెళ్లిపోయినా మిషనరీ జాన్ క్లౌ వెనక్కి తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవారు. గలతీ పత్రిక మన జిల్లాల్లో అలా చదవబడింది.

సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో పెద్దలు కూర్చుని ఇదే తేల్చారు. "మన పితరులైనను మనమైనను మోయలేని కాడి" వాళ్ల మెడ మీద పెట్టవద్దని పేతురే లేచి చెప్పాడు.

ఆ తర్వాతి పేజీ మీ మామగారికి తప్పకుండా చూపించండి. అపొస్తలుల కార్యములు 16:3. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసుదేశస్థుడు. సమాజమందిరాల్లో సువార్త చెప్పడానికి అడ్డు రాకూడదని పౌలే అతనికి సున్నతి చేయించాడు. తనతో ఉన్న గ్రీసుదేశస్థుడు తీతు విషయంలో, రక్షణకు షరతుగా అడిగినప్పుడు, అదే పౌలు ఒక్క గడియ కూడా లొంగలేదు. సున్నతి పొందడమే క్రీస్తుకు దూరం చేసేదైతే, తిమోతిని దూరం చేసింది పౌలే అవ్వాలి. కాదు గదా. గలతీ 5:4లో ఆయనే విప్పి చెప్పాడు: "ధర్మశాస్త్రమువలన నీతిమంతులని తీర్చబడువారెవరో" వాళ్ల గురించి ఆ మాట. నాలుగేళ్ల పిల్లాడు నీతిమంతుడవడానికి ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లడం లేదు, నొప్పి లేకుండా మూత్రం పోయడానికి వెళ్తున్నాడు.

ఇథియోపియా క్రైస్తవులు ఈనాటికీ పిల్లలకు సున్నతి చేయిస్తారు. మీరు యూదుల్లాగా ధర్మశాస్త్రం పాటిస్తున్నారని పోర్చుగల్ నుంచి వచ్చిన మతగురువులు తప్పుపడితే, 1555లో వాళ్ల రాజు గెలావ్‌దేవోస్ తన విశ్వాస ప్రకటన రాసి జవాబిచ్చాడు: ఇది మాకు దేశాచారం మాత్రమే, మా దేశంలో ముఖం మీద గాట్లు పెట్టుకున్నట్టు, ఇండియావాళ్లు చెవులు కుట్టించుకున్నట్టు అని. ఎక్కడో ఇథియోపియాలో కూర్చున్న రాజుకు మన చెవిపోగులు గుర్తొచ్చాయి చూడండి. చెవులు కుట్టించుకుంటే రక్షణ పోతుందని మీ మామగారు అనరు గదా.

ఇక సిలువ. ఆదికాండము 17:14లో సున్నతి పొందనివాడు తన జనులలోనుండి "కొట్టివేయబడును" అని ఉంది. యెషయా 53:8లో బాధపడే సేవకుడు సజీవుల భూమిలోనుండి "కొట్టివేయబడెను" అని ఉంది. మన తెలుగు బైబిలులో రెండు చోట్లా ఒకే మాట. నిబంధన మీరినవాడికి రావలసిన కోత, ఎనిమిదో రోజునే నిబంధన గుర్తు పొందిన ఆయన మీద పడింది. కొలొస్సీ 2:11లో "క్రీస్తు సున్నతి" అన్నదానికి నేను ఇచ్చే అర్థం ఇదే, ఆయన మరణం. అక్కడే "చేతులతో చేయబడని సున్నతి" అంటాడు. పాత సున్నతిలో చర్మం ముక్క ఒకటి పోయేది. సిలువలో పాత స్వభావం మొత్తం, తొడుక్కున్న బట్ట విప్పేసినట్టు విప్పి పారేశాడు. ఆ వెంటనే 12వ వచనంలో బాప్తిస్మం గురించి మాట్లాడాడు. శిశువులకు ఇవ్వాలా, పెద్దయ్యాక ఇవ్వాలా అని లూథరన్లు, బాప్టిస్టులు ఈ రెండు వచనాల మీదే వాదించుకుంటారు, దానిలోకి ఇక్కడ వెళ్లను. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకుంటారు. పాత గుర్తు మగపిల్లలకే, కొత్త గుర్తు "పురుషులును స్త్రీలును" పొందారు. మీరు, మీ అత్తగారు, మీ అమ్మ, అందరూ అబ్రాహాము బిడ్డలని ముద్ర వేయించుకున్నవాళ్లే.

మామగారితో వాదన పెట్టుకోకండమ్మా. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో గలతీ 5వ అధ్యాయం ఆయన్నే చదవమనండి, 2వ వచనం దగ్గర ఆపకుండా 6వ వచనం దాకా. "సున్నతిపొందుటయందేమియు లేదు, పొందకపోవుటయందేమియు లేదు గాని ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే ప్రయోజనకరమగును." ఆ తర్వాత డాక్టరు ఇచ్చిన తేదీ చెప్పి, ఆ రోజు ఆసుపత్రికి తోడు రమ్మనండి. బాబును లోపలికి తీసుకెళ్లే ముందు వాడి తల మీద చేయి పెట్టి ప్రార్థన చేయాల్సింది తాతయ్యేనని చెప్పండి.